పదో లక్షణం

అయ్యా, అమ్మా! ఒళ్లు వంచి పనిచేసే ప్రతి మనిషి మీదా గంజాయి అనుమానం పెట్టాలని ఈ కాలమ్ ముఖంగా మనవి చేస్తున్నాం. ఒకరిద్దరి మీద కాదు, అందరి మీదా! గంజాయి తాగినవాడి లక్షణాల పట్టికను రంగుల్లో అచ్చువేయించి, ప్రతి లేబర్ క్యాంపులోనూ అన్నం తినే చోట గోడకు వేలాడదీయాలి. ఎవరి మీదా అనుమానం రాని క్యాంపు ఉంటే, ఆ క్యాంపు వాళ్లకు అన్యాయం జరిగినట్టే లెక్క.

నవ్వకండి. ఈ మాట ఊరికే అనడం లేదు. అనుమానం వల్ల మనిషికి ఎన్ని లాభాలో కళ్లారా చూసినవాడు రాస్తున్నాడు.

ఆ రాసేవాడి పేరు సదానందం. ఊరు జగిత్యాల పక్కన. ఉద్యోగం సౌదీ అరేబియాలో, అల్ ఖోబార్ దగ్గర ఒక మెయింటెనెన్స్ కంపెనీ క్యాంపులో. అక్కడ అతనే టైమ్‌కీపరు, అతనే టైపిస్టు, తెలుగువాళ్లందరికీ అతనే దుబాసీ. తన గురించి తనే రాసుకుంటున్నా అతను 'సదానందం' అనే రాస్తాడు. ఇది గొప్ప కోసం కాదు. మంచి జరిగితే 'మేము చేశాం' అనీ, చెడు జరిగితే 'పొరపాటు జరిగినది' అనీ ఆఫీసులో టైపు కొట్టి కొట్టి వేళ్లకు పట్టుకున్న జబ్బు.

ఇంతకీ ఆ సదానందానికి గంజాయి గురించి ఏం తెలుసు? చాలా తెలుసు! ఇంటర్మీడియట్ చదివే రోజుల్లో ఒక జాతరలో సాధువు పెట్టిన పచ్చటి లడ్డూ రెండు తిన్నాడు. మొదటి గంట ఏమీ కాలేదు కాబట్టి రెండోది తిన్నాడు. ఆ తర్వాత తన కాళ్లు బస్టాండులో మర్చిపోయి వచ్చానని, ఎవరైనా వెళ్లి తెచ్చిపెట్టాలని పెద్దగా ఏడ్చాడు. మేనమామ నెత్తిన రెండు బిందెల నీళ్లు పోశాక కాళ్లు దొరికాయి. గంజాయితో అతని ప్రత్యక్ష పరిచయం అంతే. మిగతాదంతా సేఫ్టీ లెక్చర్లో నేర్చుకున్నాడు.

ఆ లెక్చరు తొంభై ఒకటి జూలైలో జరిగింది. యుద్ధం అయిపోయి నాలుగు నెలలు దాటింది. కువైట్‌లో నూనె బావులు ఇంకా మండుతూనే ఉన్నాయి. గాలి ఇటు తిరిగిన రోజున మిట్టమధ్యాహ్నం సూర్యుడు రాగిబిళ్లలా కనిపించేవాడు. ఆరేసిన బనీన్ల మీద మసి పడేది. యుద్ధంలో ఆగిన పనులన్నీ ఒక్కసారిగా మీద పడటంతో మా వాళ్లు రోజుకు పద్నాలుగు గంటలు పనిచేస్తున్నారు. అలాంటి రోజుల్లో హెడ్డాఫీసుకు ఉన్నట్టుండి కార్మికుల ఆరోగ్యం మీద ప్రేమ పుట్టింది. యుద్ధం తర్వాత క్యాంపుల్లోకి మత్తుమందులు వస్తున్నాయని ఎవరో చెప్పారట!

గురువారం సాయంత్రం మెస్ హాలు కిక్కిరిసింది. గంజాయి గురించి తెలుసుకుందామన్న జిజ్ఞాసతో అనుకునేరు. లెక్చరు ఉన్నంతసేపూ ఏసీ వేస్తామన్నారు, అందుకు.

సేఫ్టీ ఆఫీసరు తెర మీద బొమ్మలు వేశాడు. మొదట ఆకు. తర్వాత దాన్ని జల్లించగా వచ్చే పొడి. ఆ తర్వాత నల్లటి ముద్ద. మనవైపు చరస్ అనేదాన్ని అక్కడ హషీష్ అంటారు. ఆఖరున చిన్న సీసాలో తారు రంగు నూనె. మొక్క ఒకటే, వేషాలు నాలుగు. వేషం మారేకొద్దీ బలం పెరుగుతుందని, ఆకు గిల్లితే నూనె కొడుతుందని, ఆఫీసరు ఇంగ్లీషులో వివరించి సదానందం వైపు చూశాడు.

సదానందం గొంతు సవరించుకున్నాడు. రెండు వందల మంది తెలుగువాళ్లు, చేతికి మైకు! ఇలాంటి అవకాశం మళ్లీ వస్తుందా? "సోదరులారా! మీరు తిలకించుచున్నవి గంజాయి యొక్క సాంద్రీకృత రూపములు" అన్నాడు.

ఎవరో వెనక బెంచీలో "ఏందట?" అన్నారు. అప్పుడు మూడో వరసలోంచి ఒక మనిషి లేచాడు. పేరు భోజన్న. మెట్‌పల్లి దగ్గరి వాడు. సెంట్రింగు పని. పొడుగు మనిషి, చెంపలు లోపలికి పోయాయి.

"ఏం లేదురా, చెరుకురసం లెక్క" అన్నాడు వెనక్కి తిరిగి. "రసం తాగితే కడుపు సల్లగైతది. అదే రసం కాగవెడితే పాకం, ఇంక కాగవెడితే బెల్లం. చేను అదే. ఉడుకు ఎక్కువైన కొద్ది గట్టివడుతది. గంతే."

హాలంతా "అట్లనా!" అంది. చప్పట్లు కూడా కొట్టారు. సేఫ్టీ ఆఫీసరు ఆ చప్పట్లు సదానందానికే అనుకుని భుజం తట్టాడు. సదానందం నవ్వాడు గానీ లోపల కాలింది. తెలుగులో ఎమ్మే చదవబోయి ఆగిపోయినవాడి మాటకు, ఏడో తరగతి ఆపేసినవాడు అర్థం చెప్పడమా? పాఠకులు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. సదానందం మాత్రం మర్చిపోలేదు.

తర్వాత లక్షణాల పట్టిక తెర మీదికి వచ్చింది. మొత్తం పది. కళ్లు ఎర్రబడటం మొదటిది. సదానందం చదివి చెప్పి తలెత్తి చూశాడు. హాల్లో రెండు వందల జతల కళ్లు ఎర్రగా మండుతూ అతన్నే చూస్తున్నాయి. మసి, ఇసుక, వెల్డింగు, నిద్రలేమి! రెండోది నోరు ఎండిపోవడం. యాభై డిగ్రీల ఎండలో నోరు తడిగా ఉన్నవాడెవడో ఉంటే వాడి మీదే అనుమానం పెట్టాలి. గుండె దడ, ఆగని ఆకలి. ఇప్పుడే అన్న మాట మర్చిపోవడం, కాళ్లూ చేతులూ ఒకదాని మాట ఒకటి వినకపోవడం. ఒక్కొక్కటి చదువుతుంటే మనవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకోవడం మొదలుపెట్టారు.

"గంట ఎంతయిందో, రోజు ఏదో తెలియకపోవడం" అని చదివాడు సదానందం.

"ఇయ్యాల బుధవారమే గదా?" అన్నారెవరో.

ఎవరో వెంటపడుతున్నట్టు భయం ఇంకొకటి. ఇకామా అనే గుర్తింపు కార్డు రూములో మర్చిపోయి బజారుకు వెళ్లినవాడికి పోలీసు జీపు కనబడితే కలిగేది ఏమిటి మరి? జనవరిలో క్షిపణుల సైరన్లు విన్నప్పటి నుంచి ఫ్రిజ్ మోటారు మొదలైనా మంచం కిందికి దూరేవాళ్లు మా క్యాంపులో పదిమంది ఉన్నారు. సదానందం వాళ్లలో ఒకడు. యుద్ధంలో గ్యాస్ మాస్కు ఇచ్చింది ఆఫీసు స్టాఫుకే. మాస్కు ఉన్నవాడికే భయం ఎక్కువ వేసింది, అదేమి చిత్రమో!

కారణం లేకుండా నవ్వడం తొమ్మిదోది. ఇక ఆఖరుది, పదోది: పక్కనే ఏం జరుగుతున్నా తనకు పట్టనట్టు ఉండిపోవడం.

లెక్చరు అయ్యాక సదానందం తన గదికి వెళ్లి అద్దంలో చూసుకుని లెక్కపెట్టాడు. ఏడు ఉన్నాయి. గంజాయి ముట్టకుండా ఏడు! ఆ పూట అతనికి ఒక మహా సత్యం తోచింది. మనవాళ్లు గల్ఫుకు పనికి వస్తున్నారని అనుకుంటున్నాం గానీ, నిజానికి గల్ఫే ఒక మత్తుపదార్థం. అందులోనూ రకాలున్నాయి. ఏడాది ఉన్నవాడు ఆకు. కాస్త కళ్లు మండుతాయి, అంతే. రెండేళ్ల కాంట్రాక్టు పూర్తయినవాడు పొడి. లీవు లేకుండా మూడేళ్లు దాటినవాడు ముద్ద. నాలుగేళ్లు దాటి, మధ్యలో యుద్ధం కూడా కాగినవాడు నూనె! సీసాలో పోసి మూత బిగించి, పసిపిల్లలకు అందకుండా అటక మీద పెట్టాల్సిన సరుకు.

మా క్యాంపులో అసలు సిసలు నూనె భోజన్నే. ఎనభై ఏడులో వచ్చాడు. రెండేళ్లకు వెళ్లాలి. మనుషులు తక్కువున్నారని ఇంకో ఏడాది ఆపారు. చివరికి తొంభై ఆగస్టు పదో తారీకుకు టికెట్టు అయింది. చెల్లెళ్లకు చీరలు, భార్యకు టార్చిలైటు కొని పెట్టె కట్టాడు. రెండో తారీకున కువైట్ మీద దాడి జరిగింది. లీవులన్నీ బందు. పాస్‌పోర్టు కఫీలు అనే వీసా యజమాని దగ్గర, కఫీలు సంతకం కంపెనీ దగ్గర. ఆ పెట్టె కట్టిన తాడు విప్పకుండా అలాగే మంచం కింద ఉంది.

ఇప్పుడు అసలు కథలోకి వద్దాం. లెక్చరు అయిన వారానికి హెడ్డాఫీసు నుంచి ఫారం వచ్చింది. ప్రతి క్యాంపు నుంచీ అనుమానం ఉన్నవాళ్ల పేర్లు పంపాలట. క్యాంప్ మేనేజరు ఆ ఫారం సదానందం బల్ల మీద పడేశాడు.

"సర్, మన క్యాంపులో ఎవరూ లేరు" అన్నాడు సదానందం.

"జీరో రిపోర్ట్ భేజేంగే తో బోలేంగే హమ్‌నే ఢూండా హీ నహీ. ఏక్ నామ్ డాలో" అన్నాడు మేనేజరు. సున్నా పంపితే మనం వెతకలేదంటారు, ఒక్క పేరు వెయ్యి, అని.

ఒక్క పేరు! రెండు వందల మంది అర్హుల్లోంచి ఒక్కణ్ణి ఎంచడం ఎంత కష్టమో ఆలోచించండి. సదానందం న్యాయంగా వెతకాలని నిర్ణయించుకుని మధ్యాహ్నం విరామంలో సైటుకు బయల్దేరాడు. అందరూ నీడలో పడి నిద్రపోతున్నారు. ఒక్క భోజన్న మాత్రం ట్రైలరు కింద వెల్లకిలా పడుకుని, చిన్న టేపురికార్డరు చెవికి ఆనించుకుని, ఒంటరిగా పకపకా నవ్వుతున్నాడు.

కారణం లేకుండా నవ్వడం!

కారణం ఉంది. సదానందానికి తెలుసు. మావైపు ఉత్తరాలు రాయలేనివాళ్లు కేసెట్టులో మాట్లాడి, ఎవరైనా వస్తుంటే చేతికిచ్చి పంపుతారు. భోజన్న వింటున్నది భార్య ముత్యవ్వ పంపిన కేసెట్టు. అది ఏడాదిన్నర కిందటిది. యుద్ధం వచ్చి వెళ్లేవాళ్లూ వచ్చేవాళ్లూ ఆగిపోయారు కాబట్టి కొత్తది లేదు. అందులో ముత్యవ్వ ఇంటి సంగతులు చెబుతుంటే మధ్యలో కోడిపుంజు కూస్తుంది. "నీ నోట్ల మన్నువడ! మీ అయ్యతోని మాట్లాడుతున్న, జర ఆగు!" అని ఆమె దాన్ని తిడుతుంది. పుంజు మళ్లీ కూస్తుంది. అక్కడే భోజన్న నవ్వుతాడు. ఎన్నిసార్లు విన్నా అక్కడ నవ్వుతాడు.

సదానందం ఆఫీసుకు తిరిగొచ్చి ఫారం ముందేసుకున్నాడు. పేరు: భోజన్న. ఎర్ర కళ్లు, టిక్కు. ఎండిన నోరు, టిక్కు. నవ్వు, టిక్కు. మొన్న ఇచ్చిన సుత్తి ఎక్కడ పెట్టాడో మర్చిపోయాడు, టిక్కు. నిచ్చెన మెట్టు తప్పాడు, టిక్కు. ఒక్కొక్కటే చూసుకుంటూ తొమ్మిది నిజాయితీగా పెట్టాడు.

పదోది దగ్గర కలం ఆగింది. పక్కనే ఏం జరుగుతున్నా పట్టకపోవడం. భోజన్నకా? ఎవరికి జ్వరమొచ్చినా గంజి కాచేది అతనే. సైరను మోగిన రోజున మంచం కింద దాక్కున్న సదానందాన్ని కాళ్లు పట్టి బయటికి లాగి, షెల్టరు దాకా మోసుకెళ్లింది కూడా అతనే. మాస్కు సదానందం మొహానికే ఉంది. భోజన్న తడి తువ్వాలు కట్టుకున్నాడు.

మరేం చేశాడు మన సదానందం? తొమ్మిది టిక్కులున్న కాలమ్‌లో కింద ఒక్క గడి ఖాళీగా ఉంటే ఫారం చూడ్డానికి బాగాలేదు. పదోది కూడా పెట్టేశాడు. చెరుకురసం ఏమైనా గుర్తొచ్చిందా అని అడిగితే, రాలేదని చెప్పలేడు.

ఫారం తీసుకెళ్లాల్సిన డ్రైవరు మహబూబ్ సుభాని కడప మనిషి. పదేళ్లుగా అక్కడ ఉన్నవాడు. కాగితం చూసి తలుపు మూసి, లోపలికొచ్చి నిలబడ్డాడు.

"ఏమప్పా, ఇదేం రాసినావు? నీకు బుర్ర ఉందా లేదా? ఈ దేశంలో గంజాయి పేరుతో కాగితం లేస్తే మనిషి ఏమైపోతాడో తెలుసునా నీకు?"

"ఉత్త అనుమానమే సుభాని భాయ్. టెస్టు చేస్తే ఏం లేదని తేలుతుంది."

"తేలకపోతే? ఆ మూత్రం సీసాలో తప్పు పడితే? ఎవుడిదో వీడిదని రాస్తే? నువ్వు పోయి నిలబడతావా వాని బదులు?"

సదానందానికి అప్పుడు పట్టికలోని మూడో లక్షణమూ ఎనిమిదో లక్షణమూ, దడా భయమూ, ఒక్కసారిగా పట్టుకున్నాయి. ఫారం చించేద్దామనుకున్నాడు. కానీ అప్పటికే ఫ్యాక్సులో ఒక కాపీ వెళ్లిపోయింది. మా ఆఫీసులో లీవు కాగితం కదలడానికి ఏడాది పడుతుంది. అనుమానం కాగితం మాత్రం అరగంటలో వెళ్లిపోతుంది. చూశారా అనుమానం మహిమ?

లాభాలు ఇక్కడి నుంచే మొదలు. మర్నాడు పొద్దున భోజన్నకు పని లేదు! ఎండలో లారీ వెనక నిలబడి వెళ్లే మనిషిని ఏసీ పికప్పులో ముందు సీట్లో కూర్చోబెట్టారు. దుబాసీగా సదానందం పక్కన ఇరుక్కున్నాడు. భోజన్న తెల్లారక ముందే లేచి స్నానం చేసి, ఆ మంచం కింది పెట్టె తాడు ఏడాది తర్వాత మొదటిసారి విప్పి, ఇస్త్రీ చొక్కా తీసి వేసుకొచ్చాడు.

"ఏందన్నా, కొత్త అంగీ?" అన్నాడు సదానందం నాలిక తడుపుకుంటూ.

"మెడికల్ అన్నరు గదనే! మెడికల్ చేస్తున్నరంటే లీవు దగ్గరవడ్డట్టే. పోయినసారి రాజారం పోరనికి గూడ మెడికల్ అయినంకనే ఎగ్జిట్ ముద్ర కొట్టిచ్చిండ్రు." భోజన్న గొంతు తగ్గించాడు. "నువ్వే ఏదో జెప్పినట్టున్నవు ఆఫీసుల. నాకెర్కలేదనుకోకు సదన్నా. నీ మేలు మరువ."

బండి నడుపుతున్న సుభాని తల తిప్పి సదానందాన్ని చూశాడు. సదానందం కిటికీలోంచి బయటికి చూస్తూ అల్ అజీజియా దుకాణాల బోర్డులు చదువుకున్నాడు.

ఆసుపత్రిలో సూడాన్ డాక్టరు. నెమ్మదిగా మాట్లాడే పెద్దాయన. ముందు సీసా ఇచ్చి పంపాడు. ఫలితం వచ్చేలోపు భోజన్నను మంచం మీద పడుకోబెట్టి, నాడి చూసి, రెప్ప కింద చూసి, పెద్ద గ్లాసులో నారింజరసం తెప్పించి తాగమన్నాడు. తర్వాత ప్రశ్నలు అడగడం మొదలుపెట్టాడు. ఎన్ని గంటలు నిద్రపోతావు? ఎన్ని నీళ్లు తాగుతావు? ఇంటికెళ్లి ఎన్నాళ్లయింది? ఎందుకు నవ్వుకుంటున్నావు?

అయ్యా, నాలుగేళ్లలో ఆ ప్రశ్నలు ఆ మనిషిని అడిగినవాళ్లు లేరు! గంజాయి అనుమానం లేకపోతే ఆ నారింజరసం ఎక్కడిది, ఆ చెయ్యి పట్టుకుని నాడి చూసిన చెయ్యి ఎక్కడిది? భోజన్న పుంజు సంగతి చెప్పాడు. సదానందం దాన్ని ఇంగ్లీషు చేశాడు. డాక్టరు నవ్వాడు. మళ్లీ చెప్పమన్నాడు. ఆ తర్వాత కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

సాయంత్రానికి ఫలితం వచ్చింది. గంజాయి లేదు. ఆకు లేదు, పొడి లేదు, ముద్ద లేదు, నూనె లేదు. సదానందం ఆసుపత్రి బాత్రూములో తలుపు గడియ పెట్టుకుని ఏడ్చాడు. భక్తితో ముక్కోటి దేవతలకూ దండం పెట్టాడు. బయటికి వచ్చి సుభాని కాళ్ల మీద పడబోతే అతను పక్కకు జరిగాడు.

డాక్టరు రిపోర్టులో రెండు వాక్యాలు రాశాడు. మొదటిది: ఇతని ఒంట్లో ఏ మత్తుపదార్థమూ లేదు. రెండోది: అమితమైన అలసట, నిద్రలేమి, నాలుగేళ్లుగా ఇల్లు చూడకపోవడం తప్ప వేరే జబ్బు లేదు, ఇతనికి మందు అక్కర్లేదు, ఆలస్యం చేయకుండా ఇంటికి పంపవలెను.

మేనేజరు బల్ల దగ్గర సదానందం ఆ కాగితం పట్టుకుని నిలబడ్డాడు. మేనేజరు మొదటి వాక్యం చదివాడు. "నెగటివ్! అల్హందులిల్లా. ఫిట్ హై. కల్ సే డ్యూటీ" అన్నాడు, రేపటి నుంచి పనిలోకి రమ్మని. రెండో వాక్యం మీద కూడా ఒక చూపు పడింది. "యే ఫైల్ మే డాల్ దో" అన్నాడు. ఫైలులో పెట్టెయ్యమని.

ఆ కాగితం కిందే ఇంకో కాగితం ఉంది. అది సదానందం సొంత లీవు దరఖాస్తు. మూడు నెలలుగా అక్కడే ఉంది. మేనేజరు మంచి హుషారులో ఉన్నాడు కాబట్టి అదే కలంతో దాని మీద సంతకం గీసి ఇచ్చాడు.

"సర్, డాక్టరు రాసిన రెండో…" అనడానికి సదానందం నోరు తెరిచాడు. సంతకం తడి ఇంకా ఆరలేదు. సదానందం తెరిచిన నోటితో "థ్యాంక్యూ సర్" అన్నాడు.

బయట మెట్ల మీద భోజన్న కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా ఇంకా విప్పలేదు. లేచి నిలబడ్డాడు.

"డాక్టరు సాబ్ ఏం రాసిండే? లీవు సంగతి ఏమన్న రాసిండా?"

"అంతా మంచిగున్నదని రాసిండు" అన్నాడు సదానందం.

మైకు పట్టుకుని పది లక్షణాలను రెండు వందల మందికి తెలుగు చేసిన దుబాసీ, ఒక్క వాక్యం ఒక్క మనిషికి చేయలేకపోయాడు. భోజన్న "మంచిగుంటె ఇంకేం గావాలె" అని రూముకు వెళ్లిపోయాడు. మర్నాడు లారీ వెనక నిలబడి పనికి వెళ్లాడు.

క్యాంపులో మాత్రం ఈ సంగతి మరోలా పాకింది. అనుమానం వస్తే ఒక రోజు సెలవు, ఏసీ బండి, నారింజరసం! ఆదివారానికల్లా సదానందం గది ముందు వరస కట్టారు. అందరికన్నా ముందు ప్లంబరు ఓబులయ్య. అనంతపురం వైపు మనిషి.

"సామీ, నా పేరు గూడా రాసుకో. నాకు అన్నీ ఉండాయి. కావాలంటే నవ్వి చూపిస్తా" అని నిజంగానే నవ్వి చూపించాడు. ఆ నవ్వు చూస్తే ఏ డాక్టరైనా జాలిపడి రెండు గ్లాసుల రసం ఇప్పించేవాడు. హెడ్డాఫీసు మళ్లీ ఫారం పంపలేదు కాబట్టి ఓబులయ్య అదృష్టం అక్కడే ఆగింది.

సెప్టెంబరులో సదానందం లీవు మీద ఇంటికొచ్చాడు. ఈ కాలమ్ రాస్తున్నది ఇక్కడి నుంచే. వచ్చేటప్పుడు భోజన్న ఒక కేసెట్టు, చెల్లెళ్ల చీరలు, టార్చిలైటు ఇచ్చి, "ఇంట్ల ఇయ్యి. నేను గూడ ఎన్కనే వస్తున్ననని జెప్పు" అన్నాడు. సదానందం పదిహేను రోజులు ఆ ఊరి వైపు వెళ్లలేదు. ఒంట్లో నొప్పిగా ఉందన్నాడు, వానలన్నాడు. చివరికి మొన్న వెళ్లాడు.

ముత్యవ్వ బక్కపలచటి మనిషి. బీడీలు చుడుతోంది. చాట పక్కన పెట్టి, ఇరుగమ్మ గౌరవ్వ దగ్గర టేపురికార్డరు అడిగి తెచ్చి, కేసెట్టు వేసింది. భోజన్న గొంతు వినబడింది. ఏడాదిన్నర కిందటి కేసెట్టుకు జవాబు. పుంజు మంచిగున్నదా అని అడిగాడు. కాసేపు ఏదో చెప్పి మళ్లీ పుంజు మంచిగున్నదా అన్నాడు. నవ్వాడు. మెడికల్ అయింది, లీవు దగ్గరవడ్డది అన్నాడు. మళ్లీ పుంజు గురించి అడిగాడు. ఆ పుంజును ఎప్పుడో కోసుకు తిన్నారు. పెరట్లో తిరుగుతున్నది దాని కొడుకు.

ముత్యవ్వ బటన్ నొక్కి ఆపింది. చాటలో ఆకు వైపు చూసింది.

"అన్నా, నిజం జెప్పు. ఆడ గంజాయి గింజాయి అలవాటు జేసుకున్నడా? అడిగిందే అడుగుతున్నడు. ఊకెనే నవ్వుతున్నడు."

"లేదవ్వా. టెస్టు గూడ జేసిండ్రు. ఏం లేదని రాసిండ్రు."

"మరెట్ల?"

ప్రతి కాగితానికీ జిరాక్సు తీసుకోవడం టైపిస్టు అలవాటు. ఆ రిపోర్టు జిరాక్సు సదానందం జేబులోనే ఉంది. ఎందుకు పెట్టుకొచ్చాడో అతనికే తెలియదు. తీసి చదివాడు. మొదటి వాక్యం చదివాడు, రెండో వాక్యం కూడా చదివాడు.

ముత్యవ్వ విన్నది. "గంజాయైతే మానిపిద్దుము. మొక్కుకుందుము, మందు పోపిద్దుము. గిది నేనెట్ల మానిపియ్యాలె?" అంది. తర్వాత తలెత్తి, "గీ ముక్క ఆయనకెర్కనా?" అని అడిగింది.

సదానందం కళ్లు మండాయి. నోరు ఎండిపోయింది. గుండె దడ. చెప్పాల్సిన మాట అప్పుడే మర్చిపోయాడు. ఏ రోజో, ఎంత పొద్దయిందో కూడా తెలియలేదు. పాఠకులు లెక్కపెట్టుకోవచ్చు. అతను ఉదయం నుంచి టీ తప్ప ఏమీ తాగలేదని ప్రమాణం చేస్తున్నాడు.

"ఎర్కలేదవ్వా" అన్నాడు.

ఆమె తిట్టలేదు. లోపలికి వెళ్లి చెంబుతో మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. కేసెట్టు రెండో వైపుకు తిప్పి వేసి, రెండు బటన్లు కలిపి నొక్కి, టేపురికార్డరును అతని ముందుకు జరిపింది.

"ఇండ్ల జెప్పు" అంది.

నీళ్లు తాగి చెప్పాడు. "భోజన్నా, నేను, సదానందాన్ని. డాక్టరు నిన్ను ఇంటికి పంపుమని రాసిండు. జల్ది పంపుమన్నడు. నాకు తెలుసు, నేనే జెప్పలే. నిన్ను ఆసుపత్రికి పంపింది లీవు కోసం కాదు, నేను రాసిన ఫారం కోసం. అండ్ల పదో టిక్కు నీది కాదు. అది నాది. ఆ కాగితం ఫైల్ల ఉన్నది. నేను వచ్చినంక తీసి మేనేజరు ముందల వెడుత. ఏమైతే అదైతది."

మధ్యలో పెరట్లో పుంజు కూసింది. ముత్యవ్వ ఈసారి దాన్ని ఏమీ అనలేదు.

అయ్యా, అమ్మా! శుక్రవారం తిరుగు ప్రయాణం. ధహ్రాన్ విమానాశ్రయంలో కస్టమ్స్ వాళ్లు పెట్టెలు విప్పి, ఆకులూ పొడులూ ముద్దలూ నూనెలూ వెతుకుతారు. వెతకనివ్వండి. కేసెట్టు నా చొక్కా జేబులో ఉంది. అవును, నా జేబులోనే. ఇక సదానందం చాటున దాక్కోను.

మొదట్లో చేసుకున్న మనవిలో ఒక చిన్న సవరణ ఉంది. లెక్చరు నాడు మా మెస్ హాలు గోడకు అంటించిన పట్టిక ఇప్పటికీ అక్కడే ఉంది. దాన్ని అక్కడి నుంచి తీసేయించి మా ఆఫీసులో, నా కుర్చీకి ఎదురుగా తగిలించవలసిందిగా కోరుతున్నాను.